నేపాళయాత్ర: ఒక కొండ, ఒక నది, కొన్ని కొలతలు

మా పెద్దమ్మాయికి భూగోళపరీక్షలో ఒక మార్కు పోయినది. ఈ యాత్రావృత్తాంతమునకు ఆ మార్కే మూలమని చెప్పిన సోదరీమణులు నవ్వుదురేమో. అయినను జరిగినది జరిగినట్లు చెప్పుచున్నాను. ప్రపంచములోనెల్ల ఎత్తైన శిఖరమేది, దాని యెత్తెంత అని ప్రశ్న. అమ్మాయి ఎవరెస్టు, 8,848.86 మీటర్లు అని వ్రాసినది. తరగతి పుస్తకములో 8,848 అని మాత్రమే యుండుటచేత ఆ జవాబు కొట్టివేయబడినది. "నేను వ్రాసినదే సరియైనది, వార్తాపత్రికలో చదివితిని" అని అది రెండు దినములు సరిగా అన్నము తినలేదు.

దానిని సమాధానపరుపబోయి మేమే చిక్కులో పడితిమి. నేను చదువుకొన్న దినములలో మాకు 29,028 అడుగులని వల్లె వేయించిరి. మా మామగారి నాటి పాత అట్లాసును దుమ్ము దులిపి చూడగా అందు 29,002 అడుగులని యున్నది. ఒక యింటిలో మూడు తరములకు మూడు లెక్కలు! కొండ పెరిగినదా, కొలత పెరిగినదా? మా వారిని అడిగితిని. ఆయన నవ్వి యూరకుండిరి.

మా పెద్దవదినగారు నాలుగేండ్లుగా పశుపతినాథుని దర్శనము చేయింపుమని తమ్ముని అడుగుచునే యున్నారు. ఆ సంవత్సరము దసరా వెళ్లిన వెనుక, ఆశ్వయుజ బహుళములో ప్రయాణము నిశ్చయమైనది. అమ్మాయిని మా అమ్మగారి వద్ద విడిచితిమి. బయలుదేరునప్పుడు అది నాతో, "అమ్మా, అక్కడి బళ్లలో ఎంత యెత్తని చెప్పుదురో కనుగొని రా" అన్నది. వదినగారికి దైవదర్శనము, నాకు మార్కు దర్శనము. ఇట్లు రెండు మ్రొక్కులతో బయలుదేరితిమి.

సికింద్రాబాదునుండి గోరఖ్‌పురము వరకు రైలు. అక్కడినుండి సునౌలీకి బస్సు. సరిహద్దనగా ముండ్లకంచెయు తుపాకులును ఉండునని తలచుచుండిన వదినగారికి ఆశ్చర్యమైనది. రాజవీథికి అడ్డముగా ఒక తోరణద్వారము; దాని క్రింద రిక్షాలు, కూరగాయల గంపలు నెత్తిన బెట్టుకొన్న ఆడువారు, బడిపిల్లలు, సైకిళ్లు, ఇటువారటును అటువారిటును పోవుచునే యున్నారు. 1950వ సంవత్సరపు సంధివలన ఇరుదేశముల ప్రజలకును ఈ స్వేచ్ఛ కలిగినది. మనకు వీసా యక్కరలేదు. వోటరు కార్డు చూపిన చాలును.

ద్వారము దాటగానే మా వారు చేతిగడియారమును 15 నిమిషములు ముందునకు త్రిప్పిరి. మన దేశమున 82½ డిగ్రీల రేఖాంశమునుబట్టి కాలము లెక్కింతురు. నేపాళమువారు గౌరీశంకర శిఖరమునకు సమీపముగా బోవు 86¼ డిగ్రీల రేఖను ఆధారముగా గొన్నారు. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున తేడా సరిగా పావుగంట. 1986వ సంవత్సరమునుండియే ఈ లెక్క.  చిన్నదేశమునకు తనదైన గడియారముండవలెనను పట్టుదల నాకు నచ్చినది. వదినగారు మాత్రము "నా సంధ్యాదీపం వేళ నాకు తెలుసు" నని తన గడియారమును ముట్టుకోనీయలేదు. యాత్ర పొడుగునను ఆమె మనదేశ కాలముననే యుండిరి.

సరిహద్దునకు దాపుననే లుంబిని. బుద్ధభగవానుని జన్మస్థానము. మాయాదేవి ఆలయములో త్రవ్వకములచే బయల్పడిన పాత యిటుకగోడలను చుట్టివచ్చుటకు చెక్కబాట కట్టినారు. వెలుపల అశోకుడు నిలిపిన స్తంభము. అది 1896వ సంవత్సరము డిసెంబరు నెలలో గుర్తింపబడినది. పట్టాభిషేకమైన యిరువదియవ యేట తాను స్వయముగా వచ్చి పూజించితిననియు, శాక్యముని ఇచ్చట జన్మించినందున గ్రామమునకు పన్ను తగ్గించితిననియు ఆ మహారాజు దానిపై వ్రాయించెను. రెండువేలయేండ్లకు పైబడిన సాక్ష్యము. జన్మస్థానమునుగూర్చి ఇంక తగవుండ నక్కరలేదు గదా యని తోచును.

అయినను తగవు కలదు. బస్సుల వెనుకను, దుకాణముల గోడలపైనను "బుద్ధుడు నేపాళములో పుట్టెను" అని వ్రాసియుండుట చూచితిమి. ఎవరు కాదన్నారని ఇంత గట్టిగా చెప్పుచున్నారని నేను అడుగగా, ఆ దుకాణపు ముదుసలి, "మీవారే, తల్లీ" అని నిర్మొగమాటముగా అన్నది. 2020వ సంవత్సరము ఆగస్టులో మన మంత్రియొకరు బుద్ధుని భారతీయ మహాపురుషులలో జేర్చి చెప్పగా నేపాళమున పెద్ద కలకలము పుట్టెనట. లుంబినియే జన్మస్థానమనుటలో సందేహము లేదని మన విదేశాంగశాఖవారు వెంటనే ప్రకటింపవలసివచ్చెను.

జన్మస్థానముకంటె చిక్కైనది కపిలవస్తువు. శుద్ధోదనుని నగరమెక్కడ? లుంబినికి పడమరగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్న తిలౌరాకోటయే యని నేపాళమువారు చెప్పుదురు. అక్కడ కోటగోడలును ద్వారములును బయల్పడినవి. సరిహద్దున కీవల, మన ఉత్తరప్రదేశములోని పిప్రహవా యని మనవారు కొందరు చెప్పుదురు. 1898లో అక్కడి స్తూపములో ధాతుకరండములు దొరికినవి. 1970 తరువాతి త్రవ్వకములలో కపిలవస్తువను పేరుగల మట్టిముద్రలు దొరికినవి. ఇరుపక్షములకును ఆధారములున్నవి. ఇరుపక్షములవారును యాత్రికులకొరకు హోటళ్లు కట్టుచున్నారు.

నాకు వేరొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. మాయాదేవి పురిటికి పుట్టినింటికి పోవుచు దారిలో సాలవృక్షము క్రింద ప్రసవించినది. మన అమరావతి శిల్పులు ఆ తల్లి కొమ్మను పట్టుకొని నిలిచిన దృశ్యమును సున్నపురాతిపై చెక్కినారు. అత్తవారిల్లు ఒక రాజ్యము, పుట్టిల్లు మరియొక రాజ్యము, పురుడు రెంటికిని నడుమ. పంచుకొనువారికి ఎంత కష్టమో చూడుడు! వదినగారు ఆ చెక్కబాటపై కొంతసేపు నిలిచి, "పాపం, పుట్టిల్లు చేరనే లేదు" అనిరి. ఆమెకు ఆ పుణ్యస్థలములో తోచినది అంతియే. నాకును అదియే ముఖ్యముగా తోచినది.

అక్కడినుండి ఖాట్మండునకు కొండదారి. దాని కష్టమును వర్ణింపను. వాంతులతోనే ఆ దినము గడచినది. పశుపతినాథాలయమున దర్శనము సులభముగా లభించినది. అచ్చటి ప్రధానార్చకులు దక్షిణదేశపు భట్టులు, కన్నడదేశమునుండి వచ్చువారు. మంత్రోచ్చారణ వినగానే వదినగారి ముఖము వికసించినది. బాగ్మతీతీరమున దీపము విడిచి, ఆమె తన మ్రొక్కు తీర్చుకొనిరి. ఇక మిగిలినది నా మ్రొక్కు.

పాటన్ అను పాతపట్టణములో మేము దిగిన యిల్లు ఒక యుపాధ్యాయినిది. ఆమె బడిలో ముప్పదియేండ్లు సాంఘికశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొనినది. పై అంతస్తు యాత్రికులకు అద్దెకిచ్చుచుండును. నన్ను "దిదీ" యనియు వదినగారిని "ఆమా" యనియు పిలుచుచు హిందీలో చక్కగా మాటలాడును. గుంద్రుకమని ఆకుకూరను పులియబెట్టి యెండించిన దానితో పులుసు కాచినది. వదినగారు రుచి చూచి, గోంగూరకు చెల్లెలే యని తీర్పు చెప్పిరి. మా అమ్మాయి మార్కు కథ విని ఆమె కడుపుబ్బ నవ్వినది. "దిదీ, కొండ సంగతి తరువాత. మొదట మా దేశము వైశాల్యమెంతో చెప్పుము" అన్నది. మా వారు జ్ఞాపకము చేసికొని "1,47,181 చదరపు కిలోమీటర్లు" అనిరి. ఆమె "మూడు జవాబులలో నొకటి చెప్పితిరి, ఒక మార్కులో మూడవవంతు" అన్నది. మిగిలిన రెండు జవాబులను ఆనాడు చెప్పలేదు.

మరునాడు ఆమెయే మమ్ము కీర్తిపురమునకు పంపినది. ఖాట్మండునకు నైరృతిగా గుట్టమీది పాత నేవారీల యూరు. ఇరుకు సందులు, ఇటుకయిండ్లు, కిటికీలకు చెక్కడపు పని, ముంగిళ్లలో ఆరబోసిన వడ్లు. నేపాళరాజ్యమును స్థాపించిన పృథ్వీనారాయణ షా గూర్ఖా రాజు. 1757లో మొదట ఈ గుట్టమీదికి వచ్చి ఓడిపోయెను. అతని సేనాని కాలూపాండే ఇక్కడనే చచ్చెను. రెండవ ముట్టడిలో రాజు తమ్మునికి ఒక కన్ను పోయెను. మూడవసారి ఊరు లోబడినది. పిమ్మట ఊరివారి ముక్కులను పెదవులను కోయించెనని ఆ కాలమున నేపాళములో నుండిన క్రైస్తవ మతగురువొకరు వ్రాసిరి. అది అతిశయోక్తి యని కొందరు నేపాళ చరిత్రకారులు, కాదని మరికొందరు. ఊరివారు మాత్రము మరచిపోలేదు. బాఘభైరవాలయపు గోడకు వ్రేలాడు తుప్పుపట్టిన కత్తులు ఆనాటి యుద్ధమువే యని మాకు చూపిరి.

ఆ రాజు 1768లో ఖాట్మండును పట్టిన దినము ఇంద్రజాత్ర పండుగ. పట్టణము పండుగ సంబరములో నుండగా సేనలు ప్రవేశించినవి. బడిపుస్తకములలో ఆయన దేశమును ఏకముచేసిన మహానుభావుడు. కీర్తిపురపు అరుగులమీద ఆయన జయించిన పరాయివాడు. 2008లో రాజరికము పోయి ప్రజాప్రభుత్వము వచ్చినది. అంతకు ముందే ఆయన జయంతి సెలవుదినము పోయినది. 2023లో మరల వచ్చినది. వడ్లు ఆరబోయుచున్న ఒక అవ్వను మా వారు ఆ జయంతినిగూర్చి అడిగిరి. ఆమె మాట మాకు అర్థము కాలేదు గాని, ముక్కుమీద వ్రేలుంచి చూపుట మాత్రము అర్థమైనది.

ఇంతలో దీపావళి వచ్చినది. నేపాళములో దానిని తిహార్ అందురు. అయిదు దినముల పండుగ. మొదటి దినము కాకులకు అన్నము, రెండవనాడు కుక్కల మెడలో పూలదండలు. వీథికుక్కలు కుంకుమబొట్లతో పెండ్లికొడుకులవలె తిరుగుచుండుట చూచి మేమెంతయో నవ్వుకొంటిమి. కడపటి దినము భాయి టీకా. మన భగినీహస్తభోజనమే. అక్కచెల్లెండ్రు తోడబుట్టినవారి చుట్టును నూనెధార పోసి, గడపయొద్ద అక్రోటుకాయను పగులగొట్టి, నుదుట ఏడురంగుల బొట్టు నిలువుగా దిద్ది, బొగడబంతివంటి వాడని పూలదండ వేయుదురు.

మా యింటి యుపాధ్యాయిని పుట్టినిల్లు దేశమున కడపటి పడమటికొసనున్న దార్చులా. అక్కడ కాళీనది సరిహద్దు. నదికావల మన ధార్చులా, ఈవల వారి దార్చులా. పేరొక్కటే, నడుమ వ్రేలాడువంతెన. ఆమె మేనత్తను ఎగువనున్న గుంజి గ్రామమునకిచ్చిరి. ఆ మేనత్త కుమారుడు, నలువదియేండ్లవాడు, ఆనాడు బొట్టు పెట్టించుకొనుటకు అంత దూరమునుండి వచ్చెను. ఆయన వోటు మన పిథోరాగఢ్ జిల్లాలో. ఆమె వోటు నేపాళములో. భోజనముల వేళ మా వారు ఉండబట్టలేక వైశాల్యముమాట ఎత్తిరి. బావామరదండ్రిద్దరును ఒకరినొకరు చూచుకొని నవ్విరి. అప్పుడామె మరల లేచి, గూటిలోనుండి రెండు పటములు తెచ్చి పీటపై పరచినది. ఒకటి పాతది, రెండవదానికి వాయవ్యమున ముక్కువలె సన్నని కొన పొడుచుకొని వచ్చియున్నది. ఆ కొనలోనిదే గుంజి.

కథ ఇది. 1814లో ఇంగ్లీషు కంపెనీకిని గూర్ఖాలకును యుద్ధమాయెను. అప్పటికి వారి రాజ్యము పడమట సట్లెజి నుండి తూర్పున తీస్తా వరకు నుండెను. ఓడిన పిమ్మట సుగౌలీ యనుచోట 1815 డిసెంబరు 2వ తేదీన సంధి వ్రాయబడి, 1816 మార్చిలో స్థిరపడినది. రాజ్యములో మూడవవంతు పోయినది. అందు అయిదవ షరతుప్రకారము కాళీనదికి పడమటి దేశముపై నేపాళరాజునకు హక్కులేదు. నది పేరు వ్రాసిరి. ఆ నది పుట్టుచోటు వ్రాయలేదు. గుంజివద్ద రెండు సెలయేళ్లు కలియును. ఒకటి వాయవ్యమున లింపియాధుర నుండి వచ్చును; రెండవది లిపులేఖ్ కనుమవైపునుండి, కాలాపానీ ఊటలమీదుగా వచ్చును. పొడవైనదే, పెద్దదే నది గావున మొదటిది కాళి యని నేపాళము. ఊటలనుండి వచ్చునదే కాళి యని మనదేశము. రెంటి నడుమనున్న భూమి సుమారు 335 చదరపు కిలోమీటర్లు.

నేపాళమువారు 1827, 1856 సంవత్సరముల ఇంగ్లీషు పటములను, ఆ యూళ్లవారు తమకు కట్టిన శిస్తు రసీదులను, 1961వ సంవత్సరపు తమ జనాభాలెక్కలను చూపుదురు. మనవారు ఆ తరువాతి ఇంగ్లీషు పటములను, 1817 నుండియు గుంజి మొదలైన యూళ్లను ఇవతలి ప్రభుత్వమే పాలించుచు వచ్చుటను, 1962 చీనాయుద్ధ కాలమునుండియు కాలాపానీలో మన సైనికులుండుటను చూపుదురు. 2019 నవంబరులో మన ప్రభుత్వము క్రొత్త పటము వెలువరించినది. 2020 మే 8వ తేదీన లిపులేఖ్‌నకు రాజవీథి ప్రారంభమైనది; కైలాస మానససరోవరమునకు పోవు మన యాత్రికుల దారి అదియే. మే 20వ తేదీన నేపాళము తన క్రొత్త పటమును ప్రకటించినది. జూనులో రాజ్యాంగమునే సవరించి రాజచిహ్నములో ఆ పటము నుంచినది. ఆధారములేని పెంపు అని మనదేశము త్రోసివేసినది.

అన్నదమ్ముల పంపకపు కాగితములలో వాగుకు పడమట నీది, తూర్పున నాది యని వ్రాసికొని, తరములపర్యంతము వాగు మొదలెక్కడనో ఎవ్వరును చూడరు. ఆ బీడుగుండ బాట పడిన దినముననే కొలతగొలుసు బయటికి వచ్చును. మన యిండ్లలో నెరుగని తగవా ఇది?

ఉపాధ్యాయిని కష్టము వేరు. "ముప్పదియేండ్లు పిల్లలచేత 1,47,181 అని వల్లె వేయించితిని. 2020లో 335 చేర్చి 1,47,516 అనిరి. సరియే యనుకొంటిని. అంతలో విద్యాశాఖవారే సరిహద్దులనుగూర్చి ఒక పుస్తకము అచ్చువేసిరి, అందు 1,47,641.28! మరియొక శాఖవారు అది తప్పనిరి, పుస్తకము పంపకమే నిలిపివేసిరి" అని చెప్పినది. ఎన్ని తప్పులున్నను దశాంశములు మాత్రము తప్పవు! క్రొత్త కొనను కలుపుకొన్నను, ఇప్పటికిని పుస్తకములలో పర్వతభాగము వందకు 15, కొండభాగము 68, తరాయి మైదానము 17 అను పాతలెక్కయే నడుచుచున్నదట. భూమిలో 17 పాళ్లైన ఆ తరాయిలోనే 2021 జనాభాలెక్కల ప్రకారము దేశజనులలో సగమునకు మించినవారున్నారు. పటముపై కొండలు కనిపించును, మనుష్యులు కనిపింపరు.

గుంజినుండి వచ్చిన ఆయన అంతవరకు మాటలాడలేదు. "మావైపున బాట పడినది, మందులకు, బియ్యమునకు సుఖముగా నున్నది. నదికావలి ఛాంగ్రూ, తింకర్ గ్రామములవారు నేపాళీయులే, మా చుట్టములే. తమ జిల్లా కచేరికి పోవుటకు చాలకాలము వారు మా దారినే రావలసియుండెను. పటము పెరిగిన పిమ్మట మా వంతెనపై కాపలావారు మాత్రము హెచ్చిరి" అనెను. ఆమె, "వచ్చే సంవత్సరము నీవు రాగలవో లేదో" అని పటములను మడచి గూటిలో పెట్టినది. పెరుగు వడ్డించునప్పుడు ఆమె కన్నులు చెమ్మగిలినవి. ఆమె ఆ పటమును నమ్మును. అందులో లేశమును సందేహము లేదు. ఆయన తన వోటరు కార్డును నమ్మును. ఆనాటి యేడురంగుల బొట్టు ఆయన నుదుట సాయంకాలమువరకు చెరుగలేదు.

కడపటి దినమున నాగర్‌కోటకు పోయితిమి. తెల్లవారుజామున గుట్టమీద వణకుచు నిలిచితిమి. సూర్యుడు పైకి రాగా మంచుకొండల వరుస యంతయు ఒక్కసారిగా వెలిగినది. ఎదుటనున్న దంతయు ఎవరెస్టే యని తలచితిమి. కారు నడపినవాడు దూరముగా తూర్పున ఆవగింజంత మొనను చూపించెను. అదియా!

ఆ మొనకు పేరు పెట్టబడిన ఎవరెస్టు దొర దానిని కొలిచినవాడు కాడు. అతడు మద్రాసు వద్ద 1802లో లాంబ్టను దొర ఆరంభించిన గొప్ప భూమికొలతలో పనివాడుగా చేరి, 1819 ప్రాంతమున మన కృష్ణాగోదావరుల నడిమి యడవులలో జ్వరపడి చావుతప్పి బయటపడినవాడు. అతడు ఉద్యోగము విడిచిన పిమ్మట, 1849, 1850 సంవత్సరములలో కొలిచినవారికి నేపాళరాజులు లోనికి దారియీయలేదు. కావున బీహారు మైదానమున నూరుమైళ్లకు పైబడిన దూరమున నిలిచి, కోణములు చూచి లెక్కలు వేసిరి. ఆ లెక్కలు వేసినవాడు వంగదేశీయుడైన రాధానాథ్ సిక్దార్. 1856లో 29,002 అడుగులని ప్రకటించిరి. లెక్క సరిగా 29,000 రాగా, ఉజ్జాయింపని లోకులనుకొందురని రెండడుగులు కలిపిరని ఒక కథ వాడుకలో నున్నది. కథయైనను బాగున్నది! మా మామగారి అట్లాసులోనిది ఆ రెండడుగులే. కొండకు తనపేరు తగదని ఎవరెస్టే అభ్యంతరము చెప్పెను. అయినను 1865లో ఆ పేరే నిలిచినది. తిబ్బతువారి చోమోలుంగ్మా అను పేరు అప్పటికే యున్నది. నేపాళీయుల సగర్‌మాథా యను పేరును 1930ల చివర బాబూరామ్ ఆచార్య యను చరిత్రకారుడు వ్రాసి ప్రచారములోనికి తెచ్చెను.

నీళ్లగ్లాసులో గరిటె వంకరగా కనబడునట్లు, దూరమునుండి చూచునప్పుడు గాలిలో వెలుగు వంగును. పర్వతముల బరువునకు కొలతగుండు దారము సయితము కొంచెము వాటివైపు లాగబడును. ఇవి సవరించి 1955 నాటికి మన సర్వేవారు 29,028 అడుగులు, అనగా 8,848 మీటర్లని తేల్చిరి. 1975లో చీనావారు 8,848.13 అనిరి. 1999లో అమెరికావారు 8,850. 2005లో చీనావారు మంచును విడిచి, క్రింది రాతిని మాత్రము కొలిచి 8,844.43 అనిరి. కుంచము కొలుచునప్పుడు కుప్పగా పోసి కొలువవలెనా, అంచువెంట చేయి త్రోసి తలగొట్టి కొలువవలెనా యన్న తగవే ఇది. ఎత్తునకు మొదలు సముద్రమట్టము, ఆ సముద్రమేది? నేపాళమునకు సముద్రమే లేదు. వారు మన బంగాళాఖాతమును ఆధారముగా గొందురు, చీనావారు పచ్చసముద్రమును.

2015 ఏప్రిలు 25వ తేదీ భూకంపముతో కొండ క్రుంగినదేమోయను సందేహము కలిగినది. ఇతరుల లెక్కలతో నింతకాలము గడపితిమి, ఇక మా కొండను మేమే కొలుచుకొందుమని నేపాళ సర్వేశాఖవారు పూనిరి. 2019 మే 22వ తేదీన, తెల్లవారక మునుపే, చీకటిలో వారి ఉద్యోగులు శిఖరమెక్కి యంత్రములు పెట్టి కొలిచిరి. ఆ బృందనాయకుడు ఖిమ్‌లాల్ గౌతమ్ మంచుదెబ్బకు కాలివ్రేలిలో కొంతభాగమును పోగొట్టుకొనెను. మరుసటి యేడు చీనావారు తమవైపునుండి యెక్కి కొలిచిరి. 2020 డిసెంబరు 8వ తేదీన రెండు ప్రభుత్వములును కలిసి 8,848.86 అని ప్రకటించినవి. అమ్మాయి మార్కు కొట్టివేయబడిన 86 సెంటీమీటర్ల వెనుక ఒక మనుష్యుని కాలివ్రేలున్నదని నాకు అప్పుడు తెలిసినది.

వదినగారు ఆ యావగింజకు చేతులు జోడించి, "ఎంత ఎత్తుంటుందే?" అని అడిగిరి. చెప్పుటకు మొదలుపెట్టితిని. "బంగాళాఖాతమునుండి..." అనునంతలో మబ్బు క్రమ్మినది.

తిరుగుప్రయాణమున ఉపాధ్యాయిని మా అమ్మాయికి తమ బడి భూగోళపుస్తకమొకటి కానుకగా ఇచ్చినది. క్రొత్త పటము గలది. సునౌలీ ద్వారమున సంచి చూడ వచ్చిన ఉద్యోగి దానిని తిరుగవేయుచుండగా నా గుండె దడదడలాడినది. అతడు గోధుమపిండి లడ్డూల పొట్లమును మాత్రము విప్పి వాసన చూచి, పొమ్మనెను. మా వారు గడియారమును వెనుకకు త్రిప్పిరి. వదినగారికి ఆ శ్రమ లేదు.

ఇంటికి రాగానే అమ్మాయి ఆ పుస్తకమును తన పుస్తకము ప్రక్కన పరచి గంటసేపు చూచినది. ఎవరెస్టునకు రెండింటిలో రెండు సంఖ్యలు, నేపాళమునకు రెండు ఆకారములు. "మరి పరీక్షలో ఏది వ్రాయవలెను?" అని అడిగినది. సంవత్సరముతోగూడ రెండును తెలిసికొనియుండి, పరీక్షలో మాత్రము నీ పుస్తకములోనిదే వ్రాయుమంటిని. ఎనిమిదివందల మైళ్లు పోయి వచ్చి చెప్పునది ఇదియా యని అది నావైపు చూచిన చూపు నేను మరువలేను. ఆ విషయమున నామీద దాని కోపమింకను తీరలేదు.